మనిషి మీకు, కూత మాకు

లోవరాజుకి రెండేళ్ళొచ్చాయి గాని, వాడి చేత నోరు తెరిపించడం తుప్పుపట్టిన ట్రంకుపెట్టె తెరిపించడం కంటే కష్టం. పప్పన్నం పెడితే ఉమ్మేస్తాడు. పెరుగన్నం పెడితే మూతి తిప్పి వాళ్ళమ్మ భుజానికి రాసేస్తాడు. ఇడ్లీ చూస్తే పరుగు, గుడ్డు చూస్తే ఏడుపు. వాళ్ళమ్మ వీరవేణి గిన్నె పట్టుకుని వాడి వెనక తిరిగిన తిరుగుడు ఏ గుడి చుట్టూ తిరిగున్నా, ఈపాటికి దేవుడే బయటికొచ్చి ఏం కావాలమ్మా అని అడిగుండేవాడు. ఆస్పత్రిలో పిల్లాణ్ణి తూకానికి కూర్చోబెట్టినప్పుడల్లా నర్సమ్మ పెదవి విరుస్తుంది. ఆ విరుపు వీరవేణికి కల్లోకి కూడా వస్తుంది.

అలాంటి పిల్లాడు ఒకే ఒక్క వేళ నోరు తెరుస్తాడు. నూకరాజు కూతకి వెళ్ళినప్పుడు.

నూకరాజంటే తంగెళ్ళపాలెం టైగర్స్ చెడుగుడు జట్టులో కూతగాడు. గీత దాటి అవతలి జట్టులోకి ఒక్క ఊపిరితో "చెడుగుడు గుడుగుడు గుడుగుడు" అనుకుంటూ వెళ్ళి, దొరికినవాణ్ణి ముట్టుకుని, ఆ ఊపిరి తెగేలోపల ఇవతలికొచ్చి పడాలి. కూతంటే అదే. అందరూ కూసేదే. కాని నూకరాజు కూత దారి వేరు. మూకుట్లో గారె వేసినట్టు ముందు సన్నగా చిటపటమని మొదలవుతుంది. గీత దాటాక ఎసరు మరిగినట్టు గుడగుడలాడుతుంది. మనిషిని ముట్టుకుని వెనక్కి తిరిగాడా, ఇక మూత ఎగిరి పడుతుందేమో అన్నంతగా పొంగుతుంది. వీరవేణిని పదో తరగతి మధ్యలో బడి మాన్పించారు గాని ఆట చూడ్డం ఎవరూ మాన్పించలేదు గనక, ఆ కూత ఆవిడకి చిన్నప్పట్నుంచీ తెలుసు.

ఒక సాయంత్రం టీవీలో ఆట వస్తుంటే, నూకరాజు కూత అందుకున్నాడు. వాళ్ళమ్మ ఒళ్ళో ఉన్న లోవరాజు నోరెళ్ళబెట్టాడు. ఆ సందు చూసి వీరవేణి ముద్ద పెట్టేసింది. మింగేశాడు! మళ్ళీ కూత, మళ్ళీ ముద్ద. గిన్నె ఖాళీ. ఆ రోజు వీరవేణి ఏడ్చింది. అత్తగారు అప్పాయమ్మ నూకరాజుకి దిష్టి తీస్తానని ఉప్పు పట్టుకుని టీవీ చుట్టూ తిప్పింది. అప్పట్నుంచి ఆట ఉంటే టీవీలోనూ, లేకపోతే ఫోన్లో పాత ఆటలతోనూ రోజు గడుస్తోంది. పిల్లాడి బుగ్గలో కాస్త కండ కనబడుతోంది.

అదుగో, సరిగ్గా అప్పుడే జట్టు యాజమాన్యానికి దూరదృష్టి వచ్చింది.

జట్టు రొయ్యల మేత కొండబాబుగారిది. ఊళ్ళో బియ్యం మిల్లు ఆయనది, కేబుల్ టీవీ ఆయనది, మునిసిపల్ ఛైర్మన్ ఆయన బావమరిది. జట్టుని నడపడానికి ఆయన పట్నం నుంచి ఒక సీయీవోగార్ని తెచ్చాడు. పేరు ఆదిత్యవర్ధన్. రోహిణీకార్తెలో కూడా కోటు విప్పడు. చెడుగుడు ఎప్పుడూ ఆడలేదు, ఆడినవాళ్ళతో మాట్లాడలేదు. అందువల్ల తన చూపు ఎటూ మొగ్గకుండా స్వచ్ఛంగా ఉందని ఆయనే చెప్పుకున్నాడు.

వీరవేణి మొగుడు, మోటార్లు బాగుచేసే త్రిమూర్తులు ఆ మధ్యాహ్నం చేతులకి గ్రీజుతోనే ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమేవ్! నూకరాజుని ఇచ్చేశారంటే!"

"ఎవరికి? ఏం ఇచ్చేశారు?" అంది వీరవేణి, పెళ్ళి సంగతేమో అనుకుని.

"ముక్కాలంక మొసళ్ళ జట్టుకి. మార్పిడంట. మనకి వాళ్ళ పట్టుగాడు, అదే, కూతకొచ్చినోణ్ణి పట్టేవాడు, ఒకడొస్తాడు. ఇంకో కూతగాడొస్తాడంట గాని, వాడికి మోకాలు బాగోలేదంట. బాగయ్యాక బాగుంటాడని తీసుకున్నారంట."

అప్పాయమ్మ చేటలో బియ్యం అలాగే వదిలేసింది. "పాలిచ్చే గేదెనిచ్చి పలుపుతాడు తెచ్చుకున్నార్రా! అదేం యాపారం?"

బస్టాండు దగ్గర బోర్డు మారిపోయింది. నూకరాజు మొహం ఉన్నచోట "బాధగా చూడకండి, భవిష్యత్తుగా చూడండి" అని పెద్దక్షరాలు. టిఫిను హోటల్లో ప్లేట్లు ఎగిరాయి. కేబుల్లో సీయీవోగారు కనబడి, "నూకరాజు మా కుటుంబసభ్యుడు. అయినవాణ్ణి వదులుకోగలిగినవాడే అసలైన కుటుంబపెద్ద" అని కళ్ళజోడు తుడుచుకున్నాడు. చాలామంది ఆయన ఏడ్చాడనుకున్నారు. చెమటట.

వీరవేణికి కోపం రాకపోలేదు. అంతకంటే ముందు భయం వచ్చింది. కాని ఆలోచిస్తే, కూత ఏ జట్టులో కూస్తేనేం, కూతే కదా! ముక్కాలంక ఆట టీవీలో చూపిస్తారు కదా! మొదటి ఆట రోజున గిన్నెడు పప్పన్నం మెత్తగా కలిపి, ఇన్నాళ్ళూ తిట్టిన మొసళ్ళకి లోపల్లోపల క్షమాపణ చెప్పుకుని కూర్చుంది.

నూకరాజు గీత దగ్గరికొచ్చాడు. లోవరాజు తలెత్తాడు. నూకరాజు మట్టి ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. గీత దాటాడు. పెదవులు కదుల్తున్నాయి. శబ్దం లేదు.

"సౌండు పెంచండి!" అంది వీరవేణి.

"ఉన్నదంతా పెంచానే. పక్క జనం అరుపులు వినబడ్డంలా?" అన్నాడు త్రిమూర్తులు.

నూకరాజు మూగనోముపట్టినట్టు పోయి, ఒకణ్ణి ముట్టుకుని, చక్కగా తిరిగొచ్చాడు. అంపైరు ఈలవేసి వేలెత్తాడు. కూత లేదు గనక అవుటు. రెండోసారీ అంతే. మూడోసారి అతనికి నోరుందో లేదో చూద్దామని అంపైరు దగ్గరికెళ్ళి తొంగిచూశాడు.

మర్నాడు సీయీవోగారు ఊరికి అర్థమయ్యేలా వివరించాడు. మార్పిడి పత్రంలో ముక్కాలంకకి ఇచ్చింది మనిషిని. చేతులు, కాళ్ళు, మోకాళ్ళు, ఒడుపు, అన్నీ వాళ్ళవే. కూత మాత్రం తంగెళ్ళపాలెంలో పుట్టి, తంగెళ్ళపాలెం గాలితో పెరిగింది గనక అది జట్టు మేధోసంపద. చెడుగుడు, కబడ్డీ, గుడుగుడు, ఇంకా ఆటకి పనికొచ్చే పదాలన్నీ అందులోకే వస్తాయి. "తక్కువస్థాయి యాజమాన్యాలు ఆటగాణ్ణి అమ్ముతాయి. మేం ఆటగాణ్ణి ఇచ్చి ఆటని ఉంచుకున్నాం" అన్నాడాయన. ముక్కాలంక వాళ్ళు చదవకుండా సంతకం పెట్టారు. తర్వాత చదివి, చదవకపోతేనే బాగుండేదనుకున్నారు.

అదే రోజు ఫోన్లో పాత ఆటలన్నిటికీ గొంతు తీసేశారు. లోవరాజు నోరు మూసేశాడు.

కూత తంగెళ్ళపాలెంలోనే ఉందన్నారు గనక, తర్వాతి ఆటకి వీరవేణి పిల్లాణ్ణి చంకనేసుకుని, డబ్బా పట్టుకుని గ్రౌండుకే పోయింది. మోకాలు బాగోలేనివాడు కుంటుకుంటూ గీత దాటాడు. మైకులోంచి నూకరాజు కూత వచ్చింది. అంపైరుగా ఉన్న డ్రిల్లు మాస్టారు నియమాల పుస్తకం తీసి చూశాడు. కూత వినబడాలని ఉంది. ఎవరి నోట్లోంచని లేదు. సరే కానివ్వమన్నాడు.

రికార్డు చేసిన కూతకి ఊపిరెక్కడ తెగుతుంది? కుంటివాడు అవతలి జట్టులో ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పచార్లు చేశాడు. మోకాలు పట్టేస్తే కూర్చుని రాసుకున్నాడు. ఎవరో విసిరిన సోడా తాగాడు. మైకు "గుడుగుడు గుడుగుడు" అంటూనే ఉంది. మధ్యలో ఒక ఆడగొంతు "ఈ కూతను మీకు సమర్పిస్తున్నవారు కొండబాబు రొయ్యల మేత, తింటే మీసం తిరుగుతుంది" అని చెప్పి పోతోంది. లోవరాజు మొదట ఆశగా నోరు తెరిచాడు. ఒక ముద్ద వెళ్ళింది. కాని కూత పెరగదు, తరగదు, పొంగదు. ఎసరు మరుగుతూనే ఉంటే అన్నం ఎప్పుడు ఉడుకుతుంది? రెండో ముద్ద ముందు వరసలో ఎవరిదో బట్టతల మీద పడింది.

అంతలో కరెంటు పోయింది.

మైకు ఠక్కున ఆగింది. కుంటివాడు అవతలి జట్టు మధ్యలో సోడాసీసాతో నిలబడి ఉన్నాడు. ఏడుగురూ వాడి మీద పడ్డారు. లేవదీసేసరికి బాగున్న మోకాలు కూడా బాగోలేదు.

"కూతకి జనరేటరు పెట్టాలి" అని యాజమాన్యం తీర్మానించింది.

ఇక లాభం లేదని వీరవేణి పిల్లాణ్ణీ గిన్నెనీ తీసుకుని నూకరాజు ఇంటికే వెళ్ళింది. అతనింకా ఊళ్ళోనే ఉంటున్నాడు. ఆటకి మాత్రం బస్సెక్కి ముక్కాలంక వెళ్ళొస్తాడు. అరుగు మీద కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు.

"తమ్ముడూ, ఒక్క కూత. నాలుగు ముద్దలకి సరిపడా కూసిపెట్టు. గ్రౌండులో కాదు, ఇదిగో, ఈ అరుగు మీద. ఎవరికీ చెప్పను."

నూకరాజు పిల్లాడి వంక చూశాడు. నోరు తెరిచాడు. గొంతులో చిటపటమని ఏదో మొదలైంది. లోవరాజు కళ్ళు మెరిశాయి. అంతలో నూకరాజు అటూ ఇటూ చూసి రెండు చేతుల్తో నోరు మూసుకున్నాడు.

"నన్ను చంపకక్కా. నా నోరు నాది కాదు. సంతకం పెట్టేశాను."

లోపల్నుంచి అతని పెళ్ళాం కాసులు బయటికొచ్చింది. "మీకు నాలుగు ముద్దల బాధ వదినా. నా బాధ వినండి. ఇంట్లో గట్టిగా పిలవడం మానేశాడు. మంచినీళ్ళు కావాలన్నా చెంబు చూపిస్తాడు. గురక కూడా ఒక్క ఊపిరితో వస్తే కూతలోకే వస్తుందేమోనని బోర్లా పడుకుంటున్నాడు."

"ఎందుకురా అంత భయం?" అంది వీరవేణి.

"వాళ్ళకి చదువుందక్కా. మనం ఏమన్నా, అదే తప్పని చూపించగలరు" అన్నాడు నూకరాజు. అన్నాక అదైనా అనొచ్చో లేదోనని మళ్ళీ నోరు మూసుకున్నాడు.

ఇంటికొచ్చి వీరవేణి తనే మొదలుపెట్టింది. తలుపేసి, కొంగు బిగించి, వంటింట్లోంచి నడవలోకి వంగి వంగి "చెడుగుడు గుడుగుడు" అంటూ వచ్చి లోవరాజుని ముట్టుకుంది. మొదటిరోజు వాడు నవ్వాడు. నవ్వినప్పుడు ఒక ముద్ద. రెండోరోజు ఆవిడకి ఆయాసం వస్తే అప్పాయమ్మ అందుకుంది. ముసలావిడ కూత నూకరాజంత కాదు గాని, కట్టుడు పళ్ళ గలగల కలిసి దానికో అందం వచ్చింది. రెండు ముద్దలు.

నాలుగో ముద్దకి తలుపు చప్పుడైంది.

బయట బుల్లెబ్బాయి నిలబడి ఉన్నాడు. నిన్నటిదాకా గ్రౌండులో డప్పు కొట్టినవాడే. డప్పు చప్పుడుకి కూత సరిగ్గా వినబడ్డం లేదని ఆ పని తీసేసి, అతన్ని కూత పరిరక్షణాధికారిని చేశారు. మెళ్ళో బిళ్ళ, చేతిలో అట్ట.

"ఈ నివాసంలో అనుమతి లేని కూత ఉత్పత్తి అవుతున్నట్టు మాకు సమాచారం" అన్నాడు కంఠతా పట్టిన గొంతుతో.

"ఒరే బుల్లెబ్బాయ్! నీ బొడ్డు కోసినదాన్ని నేనురా! నా ఇంటికొచ్చి పిచ్చికూతలు కూస్తావా?" అంది అప్పాయమ్మ.

బుల్లెబ్బాయి గబగబా రాసుకున్నాడు. "పిచ్చికూతలు... అదో రకం. జాబితాలో లేదు. చేరుస్తాం."

సరిగ్గా అప్పుడు వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. బుల్లెబ్బాయి ఉలిక్కిపడ్డాడు. వీరవేణి వంక చూశాడు. వీరవేణి కుక్కరు వంక చూసింది. అది ఇంకోటి పెట్టింది.

"ఇది కూడా మీ ఇంట్లోదేనా?"

"మా పుట్టింటివాళ్ళు పెట్టారండి."

"దీన్ని ఏమంటారు మీరు? ఇప్పుడు అది చేసినదాన్ని?"

"కూతండి. మూడు కూతలకి దించుతాం."

తప్పు అక్కడ జరిగింది. ఈల అని ఉంటే ఊరు బతికిపోయేది. బుల్లెబ్బాయి అట్ట మీద రాసుకుని వెళ్ళి అలాగే చెప్పాడు. సీయీవోగారు పట్నంలో పెరిగినవాడు. కూత అనే మాటకి ఇన్ని అర్థాలున్నాయని, అవన్నీ తమ ఆస్తేనని తెలిసి ఆ పూట అన్నం కూడా తినలేదట సంతోషంతో. వారం తిరక్కుండా మునిసిపాలిటీ తీర్మానం చేసింది: పట్టణంలో కూత అన్నది ఏదైనా సరే, టైగర్స్ అనుమతి ఉండాలి.

కుక్కర్లకి బరువు తీసేశారు. ఇంటింటా పప్పు పైకప్పుకి అంటుకుంది. కోళ్ళని తెల్లవారకముందే గంప కింద మూశారు. గంప కింద అవి ఇంకా తెల్లారలేదనుకుని ఊరుకున్నాయి. కొండబాబుగారి సొంత మిల్లు కూత కూడా ఆపేశారు. దాంతో కూలీలకి ఎప్పుడు దిగాలో తెలీక, రాత్రిషిఫ్టువాళ్ళొచ్చి నిలబడ్డా పగటివాళ్ళు బస్తాలు మోస్తూనే ఉన్నారు. ముత్యాలమ్మ గుడి దగ్గర పిల్లలు కోతికొమ్మచ్చి ఆడుతుంటే బుల్లెబ్బాయి పోయి, వాళ్ళు ఊపిరి పీలుస్తున్నారో వదుల్తున్నారో చూసొచ్చాడు.

టైగర్స్ మాత్రం వరసగా ఓడిపోతూనే ఉన్నారు.

లోవరాజు మళ్ళీ సన్నబడ్డాడు. ఆస్పత్రిలో నర్సమ్మ ఈసారి పెదవి విరవలేదు. తూకం వైపు చూసి, మళ్ళీ చూసి, "ఏమ్మా?" అని మాత్రం అంది. పెదవి విరిచినా బాగుండేదనిపించింది వీరవేణికి. ఆస్పత్రి నుంచి తిన్నగా జట్టు ఆఫీసుకి నడిచింది.

సీయీవోగారి గదిలో చలిగా ఉంది. పిల్లాడి తల మీద కొంగు కప్పి నిలబడింది.

"కూర్చోండి, భాగస్వామిగారూ" అన్నాడాయన.

"నేనెవరికీ భాగస్వామిని కాదండి. మా ఆయన మోటార్లు బాగుచేస్తాడు."

"అభిమాని అనే మాట మేం వాడం. అందులో ఆవేశం ధ్వనిస్తుంది. అభిమాన భాగస్వామి అంటాం. చెప్పండి, మా ప్రయాణంలో మీకు కలిగిన అనుభూతి ఏమిటి?"

"నూకరాజుని ఎందుకిచ్చేశారండి?"

"ఇవ్వలేదు. పునఃస్థాపించాం."

"ముక్కాలంకలోనా?"

"భౌగోళికంగా చూస్తే, అవును."

"మరి మన జట్టు ఓడిపోతోంది గదండీ!"

"దాన్ని మీరు ఓటమి అంటున్నారు. మేం పునర్నిర్మాణం అంటాం. పునర్నిర్మాణానికి ముందు ఉన్నది కూలాలి కదా? ఆ పని మేం అనుకున్నదానికంటే చురుగ్గా సాగుతోంది."

వీరవేణికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ గదిలో ఏడిస్తే దానికి కూడా ఏదో పేరు పెడతాడని ఆపుకుంది. "అయ్యా, నాకు జట్టు సంగతి వద్దు. పిల్లాడు అన్నం తినడం లేదు. ఆ కూత వింటేనే తింటాడు. తూకం తగ్గిపోతోంది. మనిషినైనా రప్పించండి, కూతనైనా వదిలెయ్యండి."

సీయీవోగారు మొదటిసారి పిల్లాడి వంక చూశాడు. కుర్చీలోంచి లేచాడు.

"అంటే మా కూతకి ఆకలి పుట్టించే గుణముందన్నమాట! ఇది మాకెవరూ చెప్పలేదే! ఊళ్ళో ఇలా తినని పిల్లలు ఇంకా ఉంటారా?"

"తినే పిల్లాడు ఎవరింట్లో ఉన్నాడండీ?"

"అద్భుతం" అన్నాడాయన. ఆ ఆదివారం ముక్కాలంకతోనే ఆట. తల్లులకి వేరే గ్యాలరీ, అందులో అధికారిక బాలభోజన కూత. ఇంటినుంచి గిన్నెలు తెచ్చుకోవచ్చు. ముద్దలు కూతకి అనుగుణంగా పెట్టాలి. మిగతా జనం కిక్కురుమనకూడదు. కేకలు కూడా కూత పరిధిలోకి వస్తాయేమో న్యాయ సలహా ఇంకా అందలేదు.

"మరి మనిషి?" అంది వీరవేణి.

"ఏ మనిషి?" అన్నాడు సీయీవోగారు.

ఆదివారం నాడు ఊళ్ళో తల్లులందరూ డబ్బాలు పట్టుకుని గ్యాలరీ ఎక్కారు. గురి కూత మీదే ఉండాలని వీరవేణి లోవరాజుకి పొద్దుట్నుంచి ఏమీ పెట్టలేదు. పెట్టినా తినేవాడు కాదనుకోండి. గ్రౌండు చుట్టూ ఊరంతా ఉంది, సంతాపసభలో ఉన్నట్టు. డప్పులేదు, ఈల లేదు, బుల్లెబ్బాయి అట్ట పట్టుకుని వరసల మధ్య తిరుగుతున్నాడు.

ఆట మొదలవుతూనే కరెంటు పోయింది. జనరేటరు వేశారు. అది కొండబాబుగారి రొయ్యల చెరువు నుంచి తెచ్చిన జనరేటరు. దాని మోతకి మైకులో కూత వస్తోందో లేదో డ్రిల్లు మాస్టారికి వినబడలేదు. వినబడ్డం లేదు, ఆపమన్నాడు. ఆపారు. కూత కూడా ఆగింది. మళ్ళీ వేశారు. మళ్ళీ వినబడలేదు. జనరేటరు ఆపితే కూత లేదు, వేస్తే కూత వినబడదు. ఈ రెంటి మధ్యా టైగర్స్ కూతగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోయి పట్టుబడి కూర్చున్నారు. అవతల నోరులేని నూకరాజూ అదేపని చేస్తున్నాడు. చూసినవాళ్ళు చెడుగుడు ఇంత ప్రశాంతంగా ఎన్నడూ జరగలేదన్నారు.

చివరికి జనరేటరు దానంతటదే ఆగిపోయింది. గ్రౌండంతా నిశ్శబ్దం. మళ్ళీ నూకరాజు వంతు. గీత దగ్గర నిలబడి, ఎలాగూ అవుటే కదా అన్నట్టు తల వంచుకున్నాడు.

గ్యాలరీలో వీరవేణి డబ్బా మూత తీసింది. తీసి ఏం చెయ్యాలో తోచలేదు. కూత లేదు, కూయకూడదు. ముద్దపప్పు, నెయ్యి వాసన వేడిగా పైకి లేచింది. లోవరాజు డబ్బాలోకి తొంగిచూశాడు. వాళ్ళమ్మ మొహంలోకి చూశాడు. ఈ రెంటికీ మధ్య ఏదో జరగాల్సి ఉందని వాడికి తెలుసు, అది జరగడం లేదు.

"బువ్వ" అన్నాడు.

వీరవేణి చెయ్యి ఆగిపోయింది. వాడు పుట్టి ఇన్నాళ్ళకి ఆ మాట అడగడం అదే మొదలు. "ఏంటి నాన్నా?" అంది.

"బువ్వా!" అని అరిచాడు లోవరాజు. ఊరంతా విన్నది.

గీత దగ్గర నూకరాజు తలెత్తాడు. గ్యాలరీ వంక చూశాడు. పెదవులు ఒకసారి కదిపి చూసుకున్నాడు, కొత్త చెప్పులు తొడుక్కుని చూసుకున్నట్టు. చెడుగుడు కాదు, కబడ్డీ కాదు, గుడుగుడు కాదు. ఆటకి పనికొచ్చే పదం అసలే కాదు. మట్టి ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"బువ్వ బువ్వ బువ్వ బువ్వ బువ్వ బువ్వ..."

గారె వేసినట్టు మొదలైంది. గీత దాటింది. మరిగింది. డ్రిల్లు మాస్టారు పుస్తకం తిరగేశాడు. ఒకే మాట, తెగని ఊపిరి, వినబడేలా. మాట ఏదని లేదు. పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. గ్యాలరీలో పిల్లలందరూ లేచి బువ్వ బువ్వ అని అందుకున్నారు. కిక్కురుమనకుండా కూర్చున్న ఊరు ఇక ఆగలేకపోయింది. అవతల మిగిలిన టైగర్స్ అందరూ నోళ్ళు తెరిచి నిలబడిపోతే, నూకరాజు వాళ్ళని పెళ్ళి పందిట్లో అక్షింతలు వేసినట్టు ఒక్కొక్కళ్ళనే ముట్టుకుంటూ తిరిగాడని చెబుతారు. తంగెళ్ళపాలెం ఓడిపోయింది. తంగెళ్ళపాలెమే తువ్వాళ్ళు ఎగరేసింది.

చెబుతారని ఎందుకంటున్నానంటే, చిన్నప్పట్నుంచి నూకరాజు ఆట ఒక్కటీ వదలని వీరవేణి అది చూడలేదు. ఆవిడ తల వంచుకుని ముద్దలు పెడుతోంది. పిల్లాడు కూత వినడం లేదు, గ్రౌండు వంక చూడ్డం లేదు. ముద్ద అందడం ఆలస్యమైతే వాళ్ళమ్మ చెయ్యి లాక్కుంటున్నాడు. డబ్బా అడుగు కనబడింది. వీరవేణి పక్కావిడ డబ్బాలోంచి ఇంత అడిగి పెట్టింది.

సీయీవోగారు కేబుల్లో మాట్లాడుతూ, ఈ ఫలితం జట్టుకి అనుకూలంగా ఇంకా పరిపక్వం కాలేదని చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే బుల్లెబ్బాయి వచ్చాడు. వీరవేణి గడపలో కూర్చుని ఉంది. లోవరాజు సొంతంగా కంచం ముందేసుకుని, ముక్కుకీ చెవులకీ కూడా పెట్టుకుని తింటున్నాడు.

"ఏంటండీ మళ్ళీ?" అంది వీరవేణి.

బుల్లెబ్బాయి అట్ట చూసి చదివాడు. "ఈ నివాసానికి చెందిన చిన్నారి భాగస్వామి నోట, మా మైదానంలో, మా అధికారిక భోజన కార్యక్రమంలో పుట్టినందువల్ల, ఒకానొక మాట ఇకమీదట జట్టు ఆస్తి. ఇంట్లో గాని వీధిలో గాని ఆ మాట అనరాదు."

"ఏ మాటండీ?"

"అదే."

"అదే అంటే?"

"నిన్న అన్నదే. నాకూ అనుమతి రాలేదమ్మా, పైనుంచి రావాలి."

అప్పాయమ్మ వంటింట్లోంచి వచ్చింది. "మాట చెప్పకపోతే ఏది మానాలో మాకెలా తెలుస్తుందిరా? నువ్వోసారి అను. మేం మానేస్తాం."

బుల్లెబ్బాయి నోరు తెరిచాడు. ఆలోచించి మూశాడు. వీధిలో ఎవరూ లేరు కదాని అటూ ఇటూ చూసి, కాస్త వంగి, రహస్యంగా చెబుదామని మళ్ళీ తెరిచాడు. మొదటి అక్షరం దగ్గర భయమేసి అలాగే ఉండిపోయాడు, మూయలేక, అనలేక.

లోవరాజు తినడం ఆపి అతని వంక చూశాడు. తెరిచిన నోటి గురించి వాడికి ఈ లోకంలో తెలిసింది ఒక్కటే. పిడికిలినిండా ముద్దపప్పన్నం తీసుకుని, లేచి, తప్పటడుగులతో వెళ్ళి, వంగి ఉన్న బుల్లెబ్బాయి నోట్లో కుక్కేశాడు.

అన్నం ఉమ్మడం తప్పు. బుల్లెబ్బాయి కాసేపు బుగ్గలు పొంగించుకుని నిలబడ్డాడు. తర్వాత నమిలాడు. రాత్రి నుంచీ ఏమీ తినలేదేమో, కళ్ళు మూసుకుని నమిలాడు. మింగాడు.

"అలా ఎంతసేపు నిలబడతావురా, కూర్చో. పీట వేస్తా" అంది అప్పాయమ్మ.

అట్ట పక్కన పెట్టి బుల్లెబ్బాయి గడప మీద కూర్చున్నాడు. లోవరాజు రెండో ముద్ద పట్టుకుని ముందు నిలబడి, వాళ్ళమ్మలాగే తనూ నోరు తెరిచి, "ఆఁ" అన్నాడు.